మా వ్యాగన్ మీద నేను వేసిన నింద

మా వ్యాగన్ ఒకసారి కొల్లేరు మీద నడిచింది. వరదల ఏడు, చక్రాలు నీళ్ల మీద ఆనీ ఆనకుండా, వెనక తెల్లకొంగల బారు వెంట వస్తుండగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నాలుగు మైళ్లు. కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

లేరు. నీళ్లు మోకాలి లోతు, కింద రోడ్డు ఉంది, దూరం ఫర్లాంగు. కొంగలు మాత్రం నిజం. అవి బండి అందం చూసి రాలేదు, చక్రాలు లేపిన బురదలో పురుగుల కోసం వచ్చాయి.

చేపపిల్లల్ని పుట్టించే హేచరీల్లో కొత్తగా చేరుతున్న మీవంటి వాళ్లకోసం రాస్తున్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నా నోటి నుంచి ఏ సంగతైనా మొదటిసారి లావుగా వస్తుంది. కాస్త ఆగితే రెండోసారి సన్నబడి వస్తుంది. ఆ రెండోదే తీసుకోండి.

ఆ బండి ఒక జమీందారు గారిదని నా పిల్లలకు చాలా ఏళ్లు చెప్పాను. ఏలూరులో ఒక ఆఫీసు వాళ్లు పాత బండ్లు వేలం వేస్తే పాడుకున్నాను, అంతే. చిన్న లారీకి వేసే చాసిస్సే తీసుకుని, తొట్టి బదులు కిటికీలూ సీట్లూ పెట్టి, కుటుంబాల వాళ్లు తిరగడానికని కంపెనీ తయారుచేసిన బండి అది. ముందు నుంచి చూస్తే పెళ్లికొడుకులా ఉంటుంది. గుంటలో పడిందంటే లారీ బుద్ధి బయటపడుతుంది. వెనక ఎదురెదురుగా రెండు బెంచీ సీట్లు. నాలుగేసి బోల్టులు విప్పితే అవి ఊడి వచ్చేస్తాయి, లోపల ఒక చిన్న గది అంత ఖాళీ. ఆదివారం మా అత్తగారితో సహా తొమ్మిదిమందిని మోసేది. సోమవారం నుంచి నా ఉద్యోగాన్ని మోసేది. మా ఆవిడ ఎన్ని అగరొత్తులు వెలిగించినా చేపల వాసన పోయేది కాదు. పెళ్లిళ్లకు వెళ్తే మా కుటుంబం వచ్చిన సంగతి మేం దిగకముందే తెలిసిపోయేది.

ఇప్పటికీ ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్నే స్టార్ట్ చేస్తాను. ముందు దగ్గుతుంది, తర్వాత పొగ వదులుతుంది, పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటారు, అప్పుడు దానికి ప్రాణం వస్తుంది. అడుగున తుప్పు తిన్న చోట్ల రేకులు వేయించాను. గేరుబాక్సు రెండుసార్లు విప్పించాను. ఎందుకు అమ్మలేదండీ అని అందరూ అడుగుతారు. ప్రేమండీ, అంటాను.

ప్రేమ కాదు. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

అప్పట్లో తాడేపల్లిగూడెం దగ్గర ఒక చిన్న హేచరీలో పనిచేసేవాణ్ణి. దాని యజమాని ఒక టీచరమ్మ. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి, ముందుగానే రిటైరై, తండ్రిగారి పొలంలో సిమెంటు తొట్లు కట్టించారు. తల్లిచేపల్ని కూడా క్లాసు పిల్లల్లాగే చూసేవారు. ఏ తొట్టిలో ఎవరున్నారో రోజూ హాజరు వేయాల్సిందే.

నాకు పైన ఒక పెద్దాయన ఉండేవారు. సర్కారు చేపల ఫారంలో జీవితమంతా చేసి వచ్చిన మనిషి. గురువుగారూ అని పిలిచేవాణ్ణి, ఎదురుగా మర్యాదగా, వెనకాల వెక్కిరింపుగా. సిమెంటు తొట్లు లేని రోజుల్లో కాలువల్లో గుడ్డలూ దోమతెరలూ కట్టి చేపపిల్లల్ని తీసిన సంగతులు ఆయన చెబుతుంటే, మీ కాలంలో దోమలకీ చేపలకీ ఒకటే తెర అన్నమాట, అనేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవారు. హేచరీలోనే పంపు గది పక్క గదిలో ఉండేవారు. పెదవేగి వైపు కూతురి దగ్గరికి రమ్మంటే, ఆ పామాయిలు తోటల్లో నాకేం పనుందమ్మా అని వెళ్లేవారు కాదు.

ఆ ఏడు మా తల్లిచేపలకు మొప్పల జబ్బు వచ్చింది. సగం పోయాయి, మిగిలినవి గుడ్లు పట్టలేదు. వానాకాలం చివరికొచ్చింది. టీచరమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, కోపం లేకుండా, పరీక్ష ఫలితాలు చదివినట్టు చెప్పారు.

"ఇంకొక్క బ్యాచ్ చూద్దామండీ. అదీ పోతే తొట్లు పగలగొట్టించి వరి వేయించేస్తాను." నావైపు తిరిగి, "మీకు ఇంకోచోట పని దొరుకుతుంది," అన్నారు. పెద్దాయన వైపు చూసి మాత్రం ఏమీ అనలేకపోయారు.

ఆయనకు ఆ తొట్లు తప్ప వేరే లోకం లేదని మా ఇద్దరికీ తెలుసు.

కొల్లేరు అంచు ఊళ్లో ఒక రైతు చెరువులో ఆరు ఆడ శీలావతులూ, వాటికి సరిపడా మగవీ ఉన్నాయని కబురు తెచ్చింది పెద్దాయనే. ఆడవాటి పొట్టలు చూస్తే నిండు నెలల మీద ఉన్నాయట. శీలావతి అంటే తెలుసుగా, మీరు రోహు అంటారు. అనుకున్న పద్ధతి ఇది: ఆడచేపలకు గుడ్లు వదిలించే మందు మొదటి సూది తెల్లవారుజామున ఆ చెరువు దగ్గరే వేయాలి. బండిలో నీళ్ల మధ్య జాగ్రత్తగా హేచరీకి తేవాలి. అవి కాస్త కుదుటపడ్డాక, మిట్టమధ్యాహ్నం, ఆడవాటికి రెండో సూదీ మగవాటికి ఒక సూదీ వేయాలి. అక్కణ్ణుంచి ఐదారు గంటల్లో గుడ్లు వదులుతాయి. చీకటి పడేవేళకు పని పూర్తి.

ఆ చీకటి పడేవేళ దగ్గరే నాకు చిక్కొచ్చింది. ఆ రోజు సాయంత్రం ఐదింటికి మా మరదలికి పెళ్లిచూపులు. దెందులూరు నుంచి పెళ్లికొడుకు వాళ్లని మా వ్యాగన్‌లో ఏలూరు తీసుకురావాలి. మా మామగారు వాళ్లకు ఆ బండి సంగతి అప్పటికే చెప్పి ఉంచారు. మా ఆవిడ కిటికీలకు పల్చటి తెల్లటి నూలు గుడ్డతో కొత్త కర్టెన్లు కుట్టి, చేపల దగ్గరికి తీసుకెళ్లకండి అని ఒట్టు పెట్టించుకుని, ముందు సీటు కింద పెట్టింది.

వెనక సీట్లు విప్పి, టార్పాలిన్‌తో తొట్టి కట్టి, తెల్లవారకముందే చేరుకున్నాం. పెద్దాయన మొదటి సూదులు వేశారు. ఆయన చేతిలో చేప కదిలేది కాదు, డాక్టరు దగ్గర పిల్లలు కదలకుండా ఉంటారే, అలా. తొమ్మిదింటికి రైతు ఇంటికి చద్దన్నానికి పిలిచారు. నువ్వు తిని రా అబ్బాయ్ అన్నారు పెద్దాయన. లేదండీ, మీరు ముందు వెళ్లండి, అన్నాను.

ఆయన వెళ్లగానే, రెండో సూదులు నేనే వేసేశాను. ఆరు ఆడవాటికీ, పనిలో పనిగా మగవాటికి వేయాల్సిందీ. పన్నెండింటికి హేచరీ చేరతాం, రెండున్నర మూడింటికి గుడ్లు పెట్టేస్తాయి, నాలుగింటికి బండి కడిగి దెందులూరు వెళ్లిపోవచ్చు. లెక్క బాగానే ఉంది. చెబితే ఆయన ఒప్పుకోరు కాబట్టి చెప్పలేదు. సిరంజి కడిగి పెట్టెలో పెట్టేశాను.

బయల్దేరాం. ఆయన వెనక టార్పాలిన్ తొట్టి పక్కన పీట వేసుకుని, ఒక చెయ్యి నీళ్లలో పెట్టి కూర్చున్నారు. చేప బెదిరితే ఆ చెయ్యి కింద ఒదిగేది.

అంతకుముందు మూడు రోజులుగా నాకు సరైన నిద్ర లేదు. ఆ దారి ఎలా ఉంటుందో మీకు తెలుసు. చెరువు తర్వాత చెరువు, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలీదు. గట్ల మీద కొబ్బరిచెట్లు తలకిందులుగా కూడా నడుస్తుంటాయి. నా వెనక బండిలో నీళ్లు అటూ ఇటూ తూగుతూ గలగలమంటున్నాయి. ముందూ నీళ్లే, వెనకా నీళ్లే. రోడ్డు మీద ఉన్నది బండో పడవో తెలియని స్థితి వచ్చింది. ఏలూరు దాటి, కాలువ గట్టు మీదికి వచ్చేసరికి స్టీరింగు చేతుల్లో మెత్తబడింది.

పెద్దాయన వెనక నుంచి, "బండి పక్కకు ఆపు అబ్బాయ్. కళ్లు మూతపడుతున్నాయి నీకు. అరగంట పడుకో, నేను లేపుతాను," అన్నారు. రెండో సూది ఇంకా వేయలేదనే ఆయన అనుకుంటున్నారు కదా, టైము ఉందనుకున్నారు. వద్దండీ అనాలి. అంటే ఎందుకు వద్దో చెప్పాలి. అరగంటేగా అనుకున్నాను.

కాలువ లాకు దగ్గర నీడలో ఆపి, ముందు సీటు మీద అడ్డంగా పడుకున్నాను. లారీ చాసిస్ బండికి అదొక సుఖం, ముందు సీటు మంచమంత ఉంటుంది. లాకు తలుపుల మీంచి నీళ్లు పడుతున్న చప్పుడు. వెనక తొట్టిలో చేప తోక ఎప్పుడైనా నెమ్మదిగా తట్టిన చప్పుడు. ఆ నిద్రలో నేను కొల్లేరు అడుగున బండి నడుపుతున్నాను. అద్దాల బయట శీలావతులు పక్కపక్కనే వస్తున్నాయి, పెళ్లికొడుకు తరఫువాళ్లలా బొట్లు పెట్టుకుని. తొందరేమీ లేదండీ అంటున్నాయి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ధబధబమని వెనక నీళ్లు ఎగిరిపడితే లేచాను. ఎండ వాలిపోయింది. వాచీ చూస్తే మూడూ పావు.

వెనక్కి వెళ్లాను. పెద్దాయన తొట్టిలోకి వంగి చూస్తున్నారు. నీళ్లనిండా గుడ్లు. ఉబ్బుతున్న సగ్గుబియ్యంలాగా, అద్దంలాగా, ఒక్కొక్కదాని మధ్య చిన్న చుక్క. బతికిన గుడ్లు అవి. లక్షలు. మా బండిలో. టీచరమ్మ ఆఖరి బ్యాచ్ అంతా అక్కడ ఉంది. పారే నీళ్లు లేకపోతే ఇంకాసేపట్లో ఊపిరాడక మొత్తం తెల్లబడి పాడైపోతుంది. ఇంజను స్టార్ట్ చేసి హేచరీ దాకా కుదుపుకుంటూ వెళ్తే పగిలిపోతాయి.

పెద్దాయన నన్నొక్కసారి చూశారు. "దోమతెర కావాలి," అన్నారు.

ఆ తర్వాత జరిగింది నేను చెప్పే పద్ధతిలో అయితే ఇలా ఉంటుంది: నేను దూకాను, నేను కట్టాను, నేను కాపాడాను. బయటివాళ్లకు పాతికేళ్లు అలాగే చెప్పాను కూడా. ఇదిగో రెండోసారి చెబుతున్నాను. నేను మగ్గు పట్టుకుని నిలబడ్డాను. ఆయన లాకు కాపలావాడి ఇంటికెళ్లి, వాళ్ల మంచం మీది దోమతెర అడిగి తెచ్చారు. తన పంచె విప్పేశారు. ఇంకా పల్చటి గుడ్డ కావాలంటే నాకు సీటు కింది కర్టెన్లు గుర్తొచ్చాయి. అంతవరకే నా తెలివి. లాకు కాపలావాడి భార్య గోనె సూది తెచ్చి గబగబా కుట్టింది. కాలువలో నీరు నెమ్మదిగా కదిలేచోట నాలుగు వెదుళ్లు పాతి, బయట పంచే కర్టెన్లూ కలిపి కుట్టిన గుడ్డపెట్టె, దాని లోపల దోమతెర పెట్టె వేలాడదీశారు. మగ్గులతో గుడ్లు తెరలోకి వంచాం. పగిలిన గుడ్డు నుంచి పిల్ల బయటికొచ్చి తెర కంతల్లోంచి బయటి గుడ్డలోకి జారుతుంది, చచ్చిన గుడ్లూ పెంకులూ తెరలో ఉండిపోతాయి. నేను వెక్కిరించిన పద్ధతి అదే. నడుంలోతు నీళ్లలో నిక్కరుతో నిలబడి ఆయన చేత్తో నీళ్లు కదుపుతుంటే, గుడ్లు మేలుకోకుండా ఉయ్యాల ఊపుతున్నట్టుగా ఉంది.

తాడేపల్లిగూడెం వెళ్లే బస్సు డ్రైవరు చేత టీచరమ్మకు కబురంపాం. ఆవిడ వచ్చేలోపు నేనొక పని చేశాను. బానెట్ ఎత్తి, నిక్షేపంలాంటి ఫ్యాన్ బెల్టును కత్తితో కోసి, తెగినట్టు పక్కన పడేశాను.

పొద్దువాలే వేళకు ఆవిడ దిగారు. గట్టు మీద నిలబడి, ఏం జరిగిందండీ, అన్నారు. ఫ్యాన్ బెల్టు తెగిందండీ, అన్నాను.

"బెల్టు తెగితే చేపలు ఇక్కడెలా పెట్టాయండీ గుడ్లు? రెండో సూది ఎవరు వేశారు?"

లెక్కల టీచరు. నీళ్లలోంచి పెద్దాయన అన్నారు:

"పొరపాటు నాదేనమ్మా. దారిలో ఆలస్యమవుతుందేమోనని అక్కడే నేనే వేసేశాను."

గట్టు మీద చెప్పులు విడిచి, చీర చెంగు బిగించి, ఆవిడా నీళ్లలోకి దిగారు.

మర్నాడు పొద్దున్న పిల్లలు తెర దాటడం మొదలైంది. వెంట్రుక ముక్కల్లాగా, కళ్లు రెండు చుక్కలు, అంతే. మూడు రోజులు ఆ లాకు దగ్గరే ఉన్నాం. నా వ్యాగన్ వంటిల్లూ, పడకిల్లూ, ఆఫీసూ అయింది. సగానికి పైగా బతికాయి. హేచరీ నిలిచింది, వరి వేయలేదు.

పెళ్లికొడుకు వాళ్లు ఆ రోజు దెందులూరు రోడ్డు మీద చూసి చూసి రెండు ఆటోల్లో వచ్చారట. సంబంధం కుదిరింది, మా అదృష్టం. కానీ మా మామగారి దగ్గర్నుంచి తోడల్లుడి దాకా అందరూ ఆ బండిని తిట్టారు. సమయానికి ఆగిపోయే బండి ఎందుకండీ, అమ్మెయ్యండి, అని. మా ఆవిడ కర్టెన్ల కోసం నెలరోజులు నాతో మాట్లాడలేదు, బండితో అసలే మాట్లాడలేదు. ఆ బండి ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. ఆపింది నేను. నా అబద్ధం మోస్తున్న బండిని ఇంకొకరికి ఎలా అమ్మను? అదీ నా ప్రేమ.

బండి సంగతి పోనివ్వండి, రేకుదేగా. తర్వాతి ఏడు సీజను మొదలయ్యేసరికి పెద్దాయన్ని టీచరమ్మ పిలవలేదు. ఆయన కూడా అడక్కుండా ట్రంకుపెట్టె సర్దుకుని కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ట్రంకుపెట్టె దించివచ్చింది మా వ్యాగన్‌లోనే. తోటలో మట్టలు కొట్టేవాళ్లు నిలబడి చూస్తుండగా, జాగ్రత్త అబ్బాయ్, అని మాత్రం అన్నారు. ఆయన గది తాళం టీచరమ్మ నా చేతికిచ్చారు. నేను మేనేజర్నయ్యాను. ఆయన నాకోసం నింద నెత్తిన వేసుకున్నారని తెలిసి, ఆ తాళం తీసుకున్నాను. ఇందులో లావు చేయడానికేమీ లేదు.

పదేళ్లు పట్టింది నాకు. ఒక ఆదివారం ఎందుకో బండి దానంతటది పెదవేగి వైపు తిరిగింది. లేదు, నేనే తిప్పాను. ఆయన పామాయిలు చెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చెట్లన్నీ వరసలో, ఎక్కడా నీళ్ల మెరుపు లేదు. కాళ్ల దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. దొంగసూది, కత్తి, తాళం.

ఆయన విని, "సూది సంగతి గుడ్లు చూడగానే తెలిసిందిలే," అన్నారు.

మరి నా పేరు ఎందుకు చెప్పలేదండీ, నాకోసం మీరెందుకు నింద మోశారు, అన్నాను.

"నీకోసమని ఎవరన్నారు?" అన్నారు. "నా చెయ్యి నీళ్లలో ఉంది కదరా. మగచేప వచ్చి ఆడదాని పొట్ట రాయడం మొదలుపెడితే నాకు తెలీదా? గంట ముందే తెలియాలి. జీవితమంతా చేసిన పని. నేనూ నిద్రపోయాను. గుడ్లు వేళ్లకి తగిలి మెలకువొచ్చింది."

మరి ఆ రోజే ఆ మాట చెప్పొచ్చుగా, అన్నాను.

"చెయ్యి నీళ్లలో పెట్టుకుని నిద్రపోయానని ఆవిడకి ఎలా చెప్పను? నలుగురూ నవ్వరూ? సూది ముందు వేశానంటే పనిలో పొరపాటు. అది పెద్దవాళ్లకీ జరుగుతుంది."

పదేళ్లు దేవుణ్ణి చేసి పెట్టుకున్న మనిషి, పరువు కోసం నాలాగే అబద్ధమాడాడని తెలిస్తే ఎలా ఉంటుందో చెప్పలేను. ముందు ఉక్రోషమొచ్చింది. తర్వాత ఎంత తేలికైపోయానంటే, లేవండి గురువుగారూ, వెళ్లి చెప్పేద్దాం, అన్నాను. ఆయన ససేమిరా అన్నారు. బండి స్టార్ట్ చేశాను. ఇంజను చప్పుడుకి ఆయన కూతురు బయటికొచ్చి, వెళ్లండి నాన్నా, ఎన్నాళ్లు ఈ చెట్లకేసి చూస్తారు, అంది.

గూడెం చేరేదాకా ఇద్దరం మెలకువగానే ఉన్నాం.

టీచరమ్మ తొట్ల పక్కన నిలబడి హాజరు వేస్తున్నారు. నేను సగం చెప్పాను, ఆయన మిగతా సగం చెప్పారు, తల ఎత్తకుండా. ఆవిడ పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు.

నాతో ఏమీ అనలేదు. నాకు అంతకంటే శిక్ష లేదని ఆవిడకు తెలుసు. ఆయనతోనే అన్నారు.

"మందు టైము తప్పిన మనిషిని సీజన్లో ఎలా నమ్మనండీ? అందుకే పిలవలేదు. నిద్రపోయానని ఆ రోజు చెప్పి ఉంటే, పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టి మిమ్మల్ని ఉంచుకునేదాన్ని."

ఆయన అలా నిలబడిపోయారు. పదేళ్లు చెట్లకేసి చూసిన మనిషి, అవన్నీ ఇప్పుడు మళ్లీ ఒక్కొక్కటే లెక్కపెడుతున్నట్టు. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, మూడో తొట్టి వైపు చూసి, "ఆ మూలదానికి పొట్ట ఒక పక్కకి దిగిందేమిటమ్మా?" అన్నారు.

"మొన్నటి నుంచీ అలాగే ఉందండీ. ఎవరికీ తెలీడం లేదు," అన్నారావిడ.

ఆయన పంచె ఎగ్గట్టుకుని తొట్టిలోకి దిగారు. నేను బండిలో కూర్చుని చూశాను. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. పనివాళ్లని కేకలేస్తున్నారు, నీళ్లు తీయిస్తున్నారు, పెట్టిస్తున్నారు. వెళ్దామా గురువుగారూ అని రెండుసార్లు పిలిస్తే చెయ్యి ఊపారు, వస్తానన్నట్టో పొమ్మన్నట్టో తెలియకుండా.

ఆ రాత్రే పెదవేగి వెళ్లి, ఆయన ట్రంకుపెట్టె తెచ్చి పంపు గది దగ్గర దించాను.